రేపటి మత్తు గురించి కథ రాయాలనుకునేవారికి

ప్రతి నెలా రెండో ఆదివారం అమలాపురంలోని గ్రంథాలయంలో కథలు రాసేవాళ్లు పది పన్నెండు మంది కూర్చుంటారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. ఇద్దరు టీచర్లు, రావులపాలెం నుంచి బస్సులో వచ్చే ఒక మెకానిక్ కూడా ఉంటారు. నేను కాకినాడలో ఒక ఆసుపత్రి వ్యసన విముక్తి వార్డులో ఇరవై ఆరేళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సైన్స్ ఫిక్షన్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఈ రెండూ తెలిసిన మనిషినని పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు: "మేడం గారూ, వందేళ్ల తర్వాతి మత్తుమందు గురించి ఎలా రాయాలి?" వాళ్లకు విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

పోయిన ఏడాది వాళ్లు తెచ్చిన కథల్లో మందు దాదాపు ఒకేలా ఉంది. నీలంగా మెరిసే మాత్ర. పేరు ఒక అక్షరం, ఒక అంకె. మింగినవాడికి గోడలు కరిగి రంగులు కనబడతాయి. మూడో పేజీలో పోలీసు డ్రోన్ వస్తుంది, నాలుగో పేజీలో అతను చనిపోతాడు. ఆ కథల్లో ఒక్కదానిలోనూ అన్నం వండి ఎదురుచూసే మనిషి లేదు. నా వార్డులో అలాంటి మనిషి లేని మంచం చాలా అరుదు.

పనితో మొదలుపెట్టండి

మందును ఊహించే ముందు మీ కథలో మనిషి ఏ పని చేస్తాడో తేల్చుకోండి. ఎన్ని గంటలు, ఎవరి కింద, ఎంత కూలికి అన్నది రాసి పెట్టుకోండి. మత్తు ఏదో ఒక బరువు దించుతానని చెప్పుకుంటూ మనిషి దగ్గరికి వస్తుంది. రైసు మిల్లులో బస్తాలు మోసే జట్టు కూలీ ఒళ్లునొప్పులకని మొదలుపెడతాడు. రాత్రి లారీ నడిపేవాడు కన్ను మూతపడకుండా ఉండటానికి మొదలుపెడతాడు. ఆ బరువేమిటో తెలిస్తే మందు ఎలాంటిదో దానంతట అదే తేలుతుంది.

మన చెరువుల నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. ఉప్పాడ దగ్గర సముద్రం ఇప్పటికే ఒడ్డును కోసుకుంటూ లోపలికి వస్తోంది. 2011లో కోనసీమ రైతులు వరి వేయకుండా పంట విరామం ప్రకటించారు. ఈ రెండింటినీ ఎనభై ఏళ్లు ముందుకు జరపండి. 2090 నాటికి ధవళేశ్వరం దిగువన చేలన్నీ ఉప్పునీటి చెరువులై ఉంటాయనుకుందాం. చెరువు మీద రాత్రి కాపలాదారుడు ఉంటాడు. రొయ్యల చెరువు కాసినవాళ్లకు తెలుసు, తెల్లవారుజాము ఎంత ప్రమాదకరమో. పగలు ఆక్సిజన్ ఇచ్చే నీటిలోని నాచు చీకటి పడ్డాక తానే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ సమయానికి నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, కాపలాదారుడు కునుకు తీశాడంటే పంట మొత్తం తేలిపోతుంది. అప్పు అతని మెడకు చుట్టుకుంటుంది.

ఇప్పుడు మీ మందు ఏమిటో నేను చెప్పనక్కరలేదు. నిద్రను వాయిదా వేసే మందు. మొదటి నెల గుత్తేదారు ఉచితంగా ఇస్తాడు. రెండో నెల నుంచి కూలిలో కోసుకుంటాడు. మూడో నెలకు కాపలాదారుడు ఒక చెరువుకు బదులు మూడు చెరువులు కాస్తాడు, ఎందుకంటే ఇక అతను నిద్రపోడని గుత్తేదారుకు తెలుసు. కథ ఇక్కడే ఉంది. మందు ఇచ్చింది అతనికి విశ్రాంతి కాదు, మరో రెండు చెరువుల పని.

ఈ కథలో మీరు కొత్తగా కల్పించింది ఒక్క మందునే. గట్టు, గుడిసె, జనరేటరు చప్పుడు, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే పైకెత్తి టార్చి వేసి చూసే చెయ్యి, ఇవన్నీ ఇవాళ ముమ్మిడివరం వైపు వెళ్తే కనబడతాయి. చదివేవాడు ఆ గట్టును నమ్మితే మందునూ నమ్ముతాడు.

ఒకే వస్తువుకు నాలుగు పేర్లు

అక్షరం, అంకె కలిపిన పేరు పోలీసు కాగితాల్లో మాత్రమే ఉంచండి. అమ్మేవాడు ఎప్పుడూ మంచి పేరే పెడతాడు. 1898లో బేయర్ కంపెనీ ఒక దగ్గు మందును బజారులోకి తెచ్చి, వీరుడిని గుర్తుచేసేలా హెరాయిన్ అని పేరు పెట్టింది. 1980లలో మన రాష్ట్రంలో సారాను ప్యాకెట్లలో పోసి అమ్మిన ప్రభుత్వ పథకం పేరు వారుణి వాహిని. ఆ పేరు ఒకసారి పైకి అనుకుని చూడండి. పాల సముద్రంలో పుట్టిన దేవత, పారే నది, రెండూ అందులో ఉన్నాయి. అంత అందమైన పేరు ఏ కథకుడూ కల్పించలేడు.

నా కాపలాదారుడి మందుకు నేను రాసుకున్న పేర్లు ఇవి. కంపెనీ దాన్ని జాగృతి అంటుంది. గట్టు మీద వాళ్లు కాపలా అంటారు: "కాపలా ఉందా? రెండు ఇవ్వు." పోలీసులకు అది ఒక అంకె. అతని తల్లి మాత్రం ఆ పాడుమందు అంటుంది, పేరు నోట పలకదు. ఎవరు ఏ పేరు వాడుతున్నారో చూపిస్తే, ఎవరు ఎటువైపు ఉన్నారో వేరే చెప్పనక్కరలేదు. కథ మధ్యలో తల్లి ఒక్కసారి పొరపాటున కాపలా అన్న మాట వాడితే చదివేవాడి గుండె జారుతుంది.

ఒళ్లు అడిగే బాకీ

ఇక్కడే చాలా కథలు దెబ్బతింటాయి. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మందు ఎక్కినప్పటి రంగుల కంటే అది దిగినప్పటి గంటలు రాయడం నేర్చుకోండి. దానికి ఒక సూత్రం ఉంది, వార్డులో రోజూ పనికొచ్చింది. మందు ఏది ఇస్తుందో, మానినప్పుడు ఒళ్లు దానికి సరిగ్గా ఎదురుది ఇస్తుంది. మద్యం నరాలను సద్దుమణిగిస్తుంది. మానగానే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి. నల్లమందు జాతి మందులు పేగులను బిగిస్తాయి, నొప్పిని తెలియనివ్వవు. మానగానే విరేచనాలు, ఒళ్లంతా నొప్పులు, ఆగని ఆవులింతలు, ముక్కు కారడం, చలి లేకుండానే రోమాలు నిక్కబొడుచుకోవడం. నిద్ర ఆపే మందులు మానితే మనిషి రోజుల తరబడి పడి నిద్రపోతాడు, లేచి ఆవురావురుమని తింటాడు, మనసు మాత్రం అడుగుకు జారిపోతుంది.

అంటే మీరు ఏ మందు కల్పించినా, దాని వెనక వచ్చే బాకీ కూడా మీ చేతిలోనే ఉంది. జ్ఞాపకాలను తీపిగా చేసే మందు అయితే, మానినవాడికి చిన్ననాటి మంచి రోజులు కూడా చేదుగా గుర్తొస్తాయి. భయాన్ని తుడిచే మందు అయితే, మానినవాడు తలుపు గడియ చప్పుడుకే వణికిపోతాడు. నా కాపలాదారుడి విషయంలో వాయిదా వేసిన నిద్ర అంతా ఒకేసారి వచ్చి పడుతుంది, అదీ చెల్లెలి పెళ్లి రోజున.

గంటలు కూడా లెక్కపెట్టుకోండి. బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే సాధారణంగా మొదటి రోజే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనబడతాయి. అది ప్రాణాల మీదికి తెచ్చే స్థితి. అందుకే కథలో హీరో తనను తాను గదిలో పెట్టి తాళం వేసుకుని మద్యం మానేసినట్టు రాయకండి. ఎవరైనా చదివి అలా చేయవచ్చు. రోజూ బాగా తాగేవాళ్లు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.

మతి తప్పడం గురించి రాయాలంటే రాక్షసులు, పాములు అవసరం లేదు. నాకు బాగా గుర్తున్న ఒక రాత్రి చెబుతాను. సముద్రం పక్క ఊరి నుంచి వచ్చిన ఒక మత్స్యకారుడు, యాభై ఏళ్లు ఉంటాయి. చేరిన మూడో రాత్రి రెండు గంటలప్పుడు మంచం మీద లేచి కూర్చున్నాడు. దుప్పటి అంచును ఎడమచేతి బొటనవేలికి చుట్టుకుని, కుడిచేత్తో గాలిలో ఏదో దూర్చి లాగుతున్నాడు. దూర్చడం, చుట్టడం, బిగించడం, ఒక అంగుళం జరగడం. మళ్లీ అదే. నన్ను చూసి "కాస్త దీపం ఇటు పట్టు" అన్నాడు. నేను టార్చి పట్టాను. మందు ఇచ్చేదాకా, ఇచ్చిన తర్వాత కూడా కాసేపు, ఆ చేతులు ఆగలేదు. కింద చాప మీద పడుకున్న అతని భార్య లేచి చూసి, "చిన్నకన్ను వల కడుతున్నాడు" అంది. ఆవిడకు ఆ ముడిని బట్టి ఏ వలో తెలిసింది. లేని వలలో ఒక్క ముడి కూడా తప్పు పడటం లేదు.

మీ 2090 మనిషి చేతులు ఏం చేస్తాయి? అది తేల్చుకుంటే ఆ పేజీ మీదే.

ఇంకొక పద్ధతి చెబుతాను, ఇది పూర్తిగా రాతకు సంబంధించింది. వ్యసనం అంటే ఒకే రోజు మళ్లీ మళ్లీ రావడం. దాన్ని కథలో చూపించడం కష్టం, చదివేవాడికి విసుగొస్తుంది. అందుకని ఒకే పొద్దును మూడుసార్లు రాయండి. మొదట్లో, మధ్యలో, చివర్లో. లేవడం, మొహం కడుక్కోవడం, టీ. మొదటిసారి టీ తాగాక మందు. రెండోసారి టీ కంటే ముందు. మూడోసారి టీ గ్లాసు చల్లారిపోయి అలాగే ఉంటుంది. వ్యాఖ్యానం అక్కర్లేదు.

మందు తయారీ ఎలాగో, ఎంత మోతాదు తీసుకోవాలో మాత్రం కథలో రాయకండి. కల్పిత మందు అయినా అసలు రసాయనాల పేర్లు పెట్టి వంటలా రాసే అలవాటు కొందరికి ఉంది. కథకు అది ఒక్క వాక్యం బలం కూడా ఇవ్వదు.

చట్టం గీత ఎక్కడ గీసిందో చూడండి

భవిష్యత్తులో ఏది నేరమో మీరే నిర్ణయించాలి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మన దేశంలో 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉండే కొనలని చెప్పింది. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకును, గింజను ఆ నిర్వచనంలో చేర్చలేదు. ఒకే మొక్కలో పై భాగం జైలుకు పంపుతుంది, కింది ఆకు పంపదు. గీత ఎంత సన్నగా ఉంటుందో చూడండి.

మన డెల్టాలో ఆ గీత నీళ్ల మీద కూడా ఉంది. యానాం పుదుచ్చేరిది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు గౌతమికి ఇవతల మద్యం నేరం, అవతల వ్యాపారం. మా తమ్ముడికి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. మిల్లులో పని దిగగానే సైకిలు మీద ఎదుర్లంక రేవుకు వెళ్లి, పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతలికి పోయేవాడు. సీసా తెస్తే పట్టుకుంటారని అక్కడే తాగి వచ్చేవాడు. ఆఖరి పంటు తప్పితే అవతలి ఒడ్డునే పడుకునేవాడు. మా అమ్మ ఒక్కసారి కూడా యానాం వెళ్లలేదు, కానీ ఏ పంటు ఎప్పుడు బయలుదేరుతుందో ఆవిడకు కంఠస్థం. ఆఖరిది దాటిపోయే వేళకు అరుగు మీద నుంచి లేచి, అన్నం గిన్నె మీద మూత సరిచేసి, లోపలికి వెళ్లేది. 1997లో నిషేధం సడలించాక తమ్ముడు రేవుకు వెళ్లడం మానేశాడు, ఊళ్లోనే తాగాడు. నలభై ఒకటో ఏట కాలేయం చెడి పోయాడు.

కథ రాసేవాళ్లకు ఇందులో కావలసింది ఉంది. చట్టం మారినప్పుడు తాగేవాడి దారి మారింది, కాలపట్టిక మారింది, ఎదురుచూసే మనిషి కూర్చునే వేళ మారింది. మీ భవిష్యత్తులో నిషేధం పెట్టినా, ఎత్తేసినా, ఆ చిన్న మార్పులన్నీ వెతికి పట్టుకోండి.

చట్టవిరుద్ధం కాని మత్తు ఇంకా భయంకరంగా ఉండవచ్చు. 1932లో ఆల్డస్ హక్స్‌లీ రాసిన నవలలో ప్రభుత్వమే జనానికి సోమ అనే మందు పంచుతుంది. ఆ పేరు మన వేదాల నుంచి తీసుకున్నదే. అక్కడ దొంగ వ్యాపారి లేడు, పోలీసు దాడి లేదు. ఎవరూ ఏదీ అడగకుండా ఉండటమే ఆ మందు చేసే పని. మీ కథలో ఎవరు నిషేధిస్తున్నారు, ఎవరి ఖజానాకు డబ్బు పోతోంది అన్న రెండు ప్రశ్నలకు ఒకే జవాబు వచ్చిందంటే కథ బలంగా ఉన్నట్టే.

సరుకు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పండి. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నవలలోని మసాలా అనే మందు ఒకే ఒక ఎడారి గ్రహం మీద దొరుకుతుంది. అందుకే ఆ గ్రహం కోసం అన్ని యుద్ధాలు. తనిఖీలు పెరిగేకొద్దీ సరుకు చిన్నదై, ఘాటు పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు ఉన్న మద్యనిషేధంలో పీపాల కొద్దీ బీరు కంటే తేలిగ్గా దాచగలిగే ఘాటైన సారాయికే గిరాకీ పెరిగింది. ఇప్పుడు మార్ఫిన్ కంటే వంద రెట్లు ఘాటైన ఫెంటానిల్ దాకా వచ్చాం. రేపటి మందు ఒక ఉప్పు గింజంత ఉండవచ్చు. అసలు పదార్థమే లేకపోవచ్చు కూడా. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చి, మీట నొక్కితే అక్కడ కరెంటు తగిలేలా చేశారు. ఎలుకలు ఆ మీటను విడవకుండా నొక్కుతూనే ఉన్నాయి. ఫోనులో పేకాడి ఇల్లు పోగొట్టుకున్న కుర్రవాళ్లు నా ఆఖరి సంవత్సరాల్లో వార్డుకు రావడం మొదలైంది. తీగ అక్కర్లేదని వాళ్లను చూస్తే తెలిసింది.

ఇంట్లోవాళ్లకు పని ఇవ్వండి

ఎదురుచూసే మనిషిని రాయమన్నాను. అయితే ఆమెను ఏడుస్తూ కూర్చోబెట్టకండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సంగతి వాచకంలో పాఠంగా వచ్చింది. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్లు ఊరూరా ఆ పాఠం చదివారు. 1992కు అది రాష్ట్రమంతా పాకిన ఉద్యమం. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని చదివిన ఒక పాఠం అంత పని చేసింది. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోకుండా భవిష్యత్తులో తిరుగుబాటు రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

బాగుపడటం గురించి

చికిత్సను ఒక ఇంజెక్షనులో ముగించకండి. ఫిలిప్ కె. డిక్ 1977 నవలలో వ్యసనపరులను బాగుచేసే సంస్థే రహస్యంగా ఆ మందు మొక్కను పండిస్తుంది. చివర్లో ఆయన మందుల వల్ల చనిపోయిన, చెడిపోయిన తన మిత్రుల పేర్లు జాబితాగా ఇచ్చాడు. ఆ పేజీ చదివాకే ఆ నవల అంతగా ఎందుకు నొప్పిస్తుందో నాకు అర్థమైంది. ఆయన రాసింది తను చూసిన మనుషులను.

చోటు మారితే మనిషి మారవచ్చు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేసింది. ఇంటికి తిరిగివచ్చాక వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ అలవాటులో పడలేదు. నా కాపలాదారుడికి కావలసింది ఒక మాత్రకు విరుగుడు మాత్ర మాత్రమే కాదు, రాత్రి నిద్రపోనిచ్చే పని కూడా. దానికి తిరగేసిన సంగతి కూడా ఉంది. బాగుపడి వెళ్లినవాడు పాత గట్టు మీదికి, పాత స్నేహితుల మధ్యకి వెళ్తే ఒళ్లు వెంటనే గుర్తుపడుతుంది. మూత తీసిన చప్పుడు చాలు. మానిన తర్వాత ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది కాబట్టి, పాత మోతాదే ప్రాణం తీయగలదు. కథలో తిరిగి పడటాన్ని ఓటమిగా రాయకండి. మా వార్డులో మూడోసారి, నాలుగోసారి వచ్చి బాగుపడినవాళ్లు ఉన్నారు.

మీ కథ చదివి ఎవరైనా తమ ఇంటి సంగతి చెప్పుకోవచ్చు. వాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446 ఇవ్వండి. తనంతట తాను చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి చిన్న మొత్తం కేసుల్లో శిక్ష నుంచి రక్షణ ఇచ్చే 64-ఎ సెక్షన్ 1985 చట్టంలోనే ఉందని కూడా చెప్పండి. భయంతో దాక్కున్న ఇళ్లను నేను చాలా చూశాను.

రాయడం అయ్యాక కథను ఆ జీవితం తెలిసిన మనిషికి చదివి వినిపించండి. రావులపాలెం మెకానిక్ తన కథను మా పాత రోగి ఒకాయనకు గ్రంథాలయం వరండాలో చదివాడు. ఆయన ఇప్పుడు ఒక రేవులో పడవ నడుపుతాడు, మానేసి పదకొండేళ్లు. కథ చివర హీరో మందు డబ్బాను గోదావరిలోకి విసిరేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. పెద్దాయన అంతా విని, కాసేపు ఆగి అన్నాడు: "విసిరేస్తాడు బాబూ, అది నిజమే. కానీ ఎక్కడ పడిందో చూసుకుంటాడు."

తర్వాతి నెల మెకానిక్ కొత్త ప్రతి తెచ్చాడు. ఒక్క వాక్యమే మారింది. డబ్బా మూడో మెట్టుకు ఎడమవైపున, లంగరు గొలుసు పక్కన మునిగింది.